గుండుపప్పు పక్కన పెట్టి

కాశీబుగ్గలో, బస్టాండు ఎదురు సందులో నా కొట్టు.
ఆరడుగుల బల్ల, ఒక భూతద్దం,
సోల్డరింగు పొగకి పసుపెక్కిన ఫ్యాను.
షిఫ్టు దిగి తిన్నగా వచ్చింది ఢిల్లేశ్వరి.
తలగుడ్డ ఇంకా విప్పలేదు,
ఒంటి నిండా వేడి పొట్టు వాసన.
బోనసు నోట్లు నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో.

బల్ల మీద రెండు పెట్టాను.
రెండూ చేతిలో పట్టే ఆట మిషన్లే,
రెండూ ఒకరు వాడినవే, రెండూ ఒకటే ధర.
ఒకదానికి ఎల్‌సీడీ తెర, కడుపులో ఐదొందల పన్నెండు జీబీ.
ఇంకోదానికి ఓలెడ్ తెర, కడుపులో అరవైనాలుగు.

"అరవైనాలుగు పెద్దదేటి?" అంది.
కాదమ్మా, చిన్నది.
"మా కాడ నంబరు తగ్గితే పప్పు పెద్దది.
నూటెనభై అంటే రాజా, నాలుగొందల యాభై అంటే పిల్లపిక్క.
మీ కాడ అంతా తిరగేసి ఉంటాదా?"

రోజూ చెప్పే పాఠం ఎత్తుకున్నాను.
ఎల్‌సీడీలో నలుపు నలుపు కాదు,
వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది,
ముందు తలుపు మూస్తారు, అంతే.
సందుల్లోంచి బూడిదరంగు కారుతుంది.
ఓలెడ్‌లో ఏ చుక్కకి ఆ చుక్కే దీపం.
నలుపు కావాలంటే ఆరిపోతుంది.

"తిత్లీ ఎల్లిపోయినాక రాత్రుల్లాగ," అంది.
అంతే.
పడిపోయిన తోటల సంగతి
ఇక్కడ ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పరు.

అప్పుడు రుమాలు ముడి విప్పి
ఒక గుండుపప్పు తీసింది.
"తెల్లటిది పెట్టు, రెండింట్లోనూ."
పెట్టాను.
పప్పుని ఒక తెరకి ఆనించింది, తర్వాత రెండోదానికి.
"ఇది సున్నం తెలుపు, నీలం కొడతంది.
ఇది మా పప్పు తెలుపే. లోపల కాసింత పసుపు దాగుంది సూడు."
పదకొండేళ్ళు ట్యూబులైటు కింద
తెలుపులోంచి తెలుపు ఏరిన కళ్ళు.
రంగులు కొలిచే పరికరం నా సొరుగులో ఉంది.
బయటికి తీయలేదు.

దాచకూడదని చెప్పాను:
ఓలెడ్ మీద ఒకే బొమ్మ గంటలకొద్దీ నిలిస్తే అచ్చు పడిపోతుంది.
మూలన ఉండే ప్రాణాల లెక్క, దిక్కు చూపే ముల్లు,
ఆట కట్టేసినా నీడలాగా మిగిలిపోతాయి.
కుడిచెయ్యి నా ముందు చాపింది.
కటింగులో ఉన్న రెండేళ్ళూ వేళ్ళ చివర్లే చెప్పాయి,
జీడి కాల్చిన నలుపు.
"ఇవి పోనాయేటి? పని ఆగిందేటి?
పడనీ."

సరే, కడుపైనా పెంచుతానన్నాను.
వెనక ఎనిమిది స్క్రూలు, అరగంట పని,
పాతది పీకి ఒక టెరాబైటు వేస్తాను.
అదీ వద్దంటే మెమరీ కార్డు. చవక,
ఆట తెరుచుకోడానికి కాస్త తాత్సారం చేస్తుంది.
"అరవైనాలుగులో ఎన్ని పడతాయి?"
పెద్దవైతే ఒక్కటే, అదీ ఇరుగ్గా.
"నాను ఆడేది తొమ్మిదిన్నర కాడ్నించి పది.
పది కేజీల డబ్బా ఉందని
పది కేజీలూ తినీస్తామేటి?
ఇది అయిపోతే దీన్ని దించి ఇంకోటి ఎక్కిస్తాను."

చిల్లర లెక్కపెట్టుకుని, మిషను తలగుడ్డలో చుట్టి
టెక్కలి ఆటో ఎక్కేసింది.

రాత్రి షట్టరు సగం దించి
నా మిషను తెరిచాను. రెండు టెరాబైట్లు.
తగ్గింపు ధరకి వచ్చాయని కొన్నవి నూట ముప్ఫై ఏడు.
చివరిదాకా ఆడినవి మూడు.
అబద్ధమెందుకు, రెండున్నర.

బల్ల మీద ఆ గుండుపప్పు ఉండిపోయింది.
మరిచిపోయిందో, ఇచ్చిందో.
తెల్ల తెర వెలిగించి పక్కన పెట్టాను,
అటు తిప్పాను, ఇటు తిప్పాను,
భూతద్దం కూడా దించాను.
నాకు రెండూ ఒకే తెలుపు.