పది గజాల గొలుసు

ముప్పై రెండేండ్లు సర్వేయరు ముందర గొలుసు మోసినోణ్ణి.
చైన్‌మన్ చెంగల్రాయుడంటే
పాకాల కాణ్ణించి పుత్తూరు దాకా
గట్టు తగాదా ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు.
కాఫీ ఇచ్చినోళ్ళూ ఉండారు, కుక్కల్ని వదిలినోళ్ళూ ఉండారు.

రిటైరైనాక మళ్ళా పిలిచినారు, గొలుసు పట్టమని.
తిరుపతిలో, కరకంబాడి దోవలో గ్రౌండు.
పందొమ్మిదేండ్ల లోపు పిల్లోళ్ళు, ఎనిమిది దేశాల జట్లు,
అమెరికన్ ఫుట్‌బాలంట.
పేరుకే ఫుట్టు. బంతిని చంకలో పెట్టుకోని పరిగెత్తడమే.
ఆ బంతి గూడా గుండ్రం కాదు,
బెంగళూరా మామిడికాయ మాదిరి, రెండు పక్కలా మొన.

ఆటలో నాకు అర్థమైంది ఒకటే:
పది గజాలు.
నాలుగు సార్లు ఇస్తారు. నాలుగిట్లో పది గజాలు జరిగితే
ఇంకో నాలుగు. జరగకపోతే
ఉన్నకాణ్ణే అవతలోళ్ళకి అప్పజెప్పాల.
మా ఊర్లో రెండంకణాల కోసం
తాత వేసిన కేసుకి
మనవడు వాయిదాలకి పోతావుండాడు.

రెండు కొసలకీ రెండు కట్టెలు, నడాన గొలుసు.
ఎనక కట్టె నాది. ముందర కట్టె జమునది,
ఎమ్మార్పల్లి పిల్ల, పీఈటీ ట్రైనింగు.
"గొలుసు వదులు చేయొద్దు తాతా" అంటాది.
నాకే!

నిన్న సాయంత్రం మనోళ్ళకీ మెక్సికో వాళ్ళకీ.
ఇనప జాలీల ఎనక మొఖాలు ఎవురివో తెలీదు.
మనోళ్ళలో ఇరవై రెండో నంబరు రేణిగుంట పిల్లోడు, ఇర్ఫాను,
వాళ్ళ నాయన గేటు కాడ పంచర్లేస్తాడు.
ఆఖరు నిమిషం. నాలుగో సారి.
బంతిని కడుపులో దాపెట్టుకోని, తలొంచుకోని దూరినాడు.
పదిమంది మింద పడినారు.
ఒక్కొక్కణ్ణే లేపితే అడుగున వాడు,
వాని కింద బంతి.

రెఫరీ చెయ్యూపినాడు, గొలుసు తెమ్మని.

గ్రౌండంతా గమ్మునైపోయింది.
యాభై అడుగుల దూరం
నడిచేకొద్దీ దామలచెరువు దాకా సాగింది నాకు.
ఉద్యోగంలో చేరిన మరుసటేడు,
ఆడ మునెమ్మ బావి కాడ
సర్వేయరు కంటితో సైగ చేస్తే
కట్టె రవ్వంత వాల్చినాను.
రవ్వంతే.
బావి అవతలోళ్ళ గట్టులోకి పోయింది.
ఆమె కేకలెయ్యలా. ఖాళీ కడవెత్తుకోని
బోరింగు కాడికి నడిచింది.

ఇప్పుడు ఎవురూ సైగ చెయ్యలా.
నా చెయ్యే అడగతావుంది:
మన పిల్లోడు గదా, రవ్వంత గదా.

కట్టె నిట్టనిలువుగా పట్టుకున్నా.
ముందర జమున గొలుసు బిగించి ఈడ్చింది.
బంతి మొనకీ కట్టెకీ నడాన
రెండు వేళ్ళు.

మెక్సికో పిల్లోళ్ళు ఎగిరినారు, ఒకడు నేల ముద్దు పెట్టుకున్నాడు.
ఇర్ఫాను హెల్మెట్టు తీసి నా పక్కకొచ్చినాడు.
తిడతాడనుకున్నా.
"సరిగ్గా రెండేనా తాతా?"
"రెండే నాయనా."
మట్టి పట్టిన వాని వేళ్ళు రెండూ
వాడే చానాసేపు చూసుకున్నాడు.

పొద్దుగూకినాక గొలుసు చుట్టతావుంటే
ఘాట్ రోడ్డు దీపాలు ఒక్కొక్కటే వెలిగినాయి.
రెండు జట్ల పిల్లోళ్ళూ సున్నం గీతలు తొక్కుతా
కాయితంలో మిరపకాయ బజ్జీలు తింటావుండారు.
గట్టు దాటినావని ఎవురూ ఎవుర్నీ అనలా.
రాత్రికి వానంట. గీతలు కొట్టుకపోతే
మళ్ళా గీయడానికి రమ్మన్నారు.

ఎల్లుండి వస్తానని చెప్పినా.
రేపు దామలచెరువుకి తొలి బస్సు ఎన్నింటికో
జమునని అడగాల.
మునెమ్మ ఉందో లేదో.