ఐదు వందల పన్నెండు

నాకంటే ముందు గదిలోకి అదే వెళ్తుంది.
నేనింకా బూట్ల మీది మంచు దులుపుకుంటూ ఉంటానా,
అది అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.
ఐదు వందల పన్నెండు.
బల్ల వెనకాల అమ్మాయి దాన్ని చూసి
నా వైపు నవ్వుతుంది,
చెడ్డ కబురు చెప్పే ముందు నర్సులు నవ్వే నవ్వు.

దరఖాస్తు రుసుము నలభై ఐదు డాలర్లు.
తిరిగి ఇవ్వబడదు.
ఈ జనవరిలో నాలుగుసార్లు కట్టాను.
నూట ఎనభై పోసి
నాలుగు 'కాదు'లు కొనుక్కున్నాను,
ఒక్కటీ కొత్త రకం కాదు.

పేరు వెర్నెల్ హ్యాచర్.
పని, క్లీవ్‌లాండ్‌లో ఆసుపత్రి దుప్పట్ల చాకిరేవు, రాత్రి షిఫ్టు.
తొమ్మిదేళ్లు. ఒక్కరోజు ఆలస్యం లేదు.
ఈ మాట రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

రెండేళ్ల కిందట అపెండిక్సు పగిలిన రాత్రి
మూడు మైళ్లు మోసినందుకు అంబులెన్సు బిల్లు,
కోసినందుకొకటి, కుట్టినందుకొకటి, మత్తిచ్చినందుకొకటి.
కాంట్రాక్టు మనిషిని, బీమా లేదు.
నేను పడుకున్న దుప్పటి
ఆ తర్వాత ఏదో రాత్రి నా చేతుల్లోకే వచ్చి ఉంటుంది.
రక్తం మరక చన్నీళ్లకి పోతుంది, వేన్నీళ్లు తగిలితే పాతుకుపోతుంది,
అంతవరకు నాకు తెలుసు.
కాగితం మీది మరక దేనికి పోతుందని
ఎవర్నడిగినా, ఏడేళ్లు అంటారు.

నుదుటి రాత ఎవరికీ కనపడదంటారు.
నాది మీట నొక్కితే కనపడుతుంది.

మోటెల్ గది వారానికి మూడు వందల ఇరవై,
నెల తిరిగేసరికి పధ్నాలుగు వందలకి దగ్గర.
ఎనిమిది వందల అద్దె నేను కట్టలేనని తేల్చినవాళ్లకి
ఆ రసీదులన్నీ పరిచి చూపించాను.
ఇవి లెక్కలోకి రావండీ, అన్నారు.
ఎవరి లెక్కో అది.
సాయంత్రాలు మార్లో నీళ్లు లేని స్నానాల తొట్టిలో దిండేసుకుని
హోంవర్కు చేసుకుంటాడు,
పనికి వెళ్లేలోపు నాకో కునుకు దక్కాలని.
తలుపు కింద సన్నటి వెలుగు గీత.
ఒక్కోసారి నిద్రపోనే పోను, ఆ గీతనే చూస్తుంటాను.

నిన్న ఒక ఇల్లు చూశాం.
మేడ మీద రెండు గదులు, కింద జుపాన్ అనే ముసలాయన ఒక్కడే.
కంప్యూటర్ లేదు. కళ్లజోడుకి దారం కట్టుకున్నాడు.
సింకు కింద కొత్త రంగు వాసన, రంగు వెనక బూజు వాసన.
ముక్కుతో చూశాను, నోటితో అనలేదు.
"మంచు ఎవరు ఎత్తిపోస్తారు?" అన్నాడు.
"నేను" అన్నాడు మార్లో, నేను నోరు తెరిచేలోపే.
జీతమెంత అన్నాడు. చెప్పాను.
అంతే అడిగాడు.
ఐదు వందల పన్నెండు మెట్ల మీదే ఆగిపోయింది,
ఎవరూ పిలవలేదు గనక.
నాకే ఊరుకోబుద్ధి కాలేదు.
దాన్ని లోపలికి పిలిచి పరిచయం చేశాను.
ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.
కూతుర్ని అడిగి ఫోను చేస్తానన్నాడు.

ఈలోగా వీడు జేబులోంచి గోళీ తీసి
నేల వాలు చూద్దామని వదిలాడు.
అది ముందుగది దాటింది, గడప సందులో కాస్త తటపటాయించింది,
వంటగదిలో పొయ్యి కిందికి దొర్లిపోయింది.
"ఇల్లు వంకరమ్మా," ఎంత సంతోషమో వాడికి,
"ఏది పోయినా ఎక్కడ వెతకాలో మనకి తెలుసు!"

బస్సులో అడిగాను, గోళీ తెచ్చుకున్నావా అని.
జేబు తడుముకున్నట్టు నటించాడు.
"లేదు."
మర్చిపోయావా?
కిటికీ వైపు తిరిగి అద్దం మీద ఆవిరి ఊదాడు.

ఈ మోతలో ఫోను వినపడదని
చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకున్నాను.
దుప్పట్లు తిరుగుతున్నాయి.
ఇంకా నాలుగు కూడా కాలేదు.
ముసలివాళ్లు పెందరాళే లేస్తారు కదా.