పన్నీరు సోడా

పెరంబూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో
ఎడమవైపు తెర చాటున, ముక్కాలిపీట మీద
గుడ్డి బల్బు కింద కూర్చుని
పదిహేడుసార్లు గుసగుసగా ప్రేమించాను.
గుసగుసగానే చచ్చిపోయాను.
ప్రాంప్టర్ని.
పగలు కోచ్ ఫ్యాక్టరీలో రివెట్లు కొట్టి కొట్టి సగం చెవుడు,
రాత్రిళ్లు నా గొంతే అందరి నోళ్లలోకీ వెళ్లేది.

నాటకం శోభనాద్రిగారిది, అకౌంట్సు సెక్షన్.
కరణంగారి సువర్చల, కుమ్మరి కోటేశు, నడుమ ఏరు.
ఐదో అంకంలో ఇద్దరూ విషం తాగుతారు.
విషమంటే పన్నీరు సోడా,
గేటు పక్క అణ్ణాచ్చి కొట్లోది,
సీసా తిరిగిస్తే నలభై పైసలు వెనక్కి.

సందేశం ఆ సోడా తర్వాత మొదలయ్యేది.
నాలుగు పేజీలు, సువర్చల చస్తూ చెప్పాలి.
"మట్టి తాకిన చెయ్యి మైలైతే నాన్నా,
నువ్వు నీళ్లు తాగే కడవ ఎవడు చేశాడు?"
అక్కడ చప్పట్లు. ప్రతిసారీ.
ముందువరస ఆఫీసర్లు కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాళ్లు.
జలజాక్షికి మాత్రం పది నలభైకి ఆఖరి లోకలు,
తిరునిండ్రవూరు పోవాలి పాపం.
రైలు లేటని తెలిస్తే నాలుగు పేజీలూ చనిపోయేది.
లేకపోతే రెండే.
కులం చెప్పి, ఆస్తి మింగేసి, కళ్లు మూసేది.

పదిహేడో ఆట. తెర పడింది.
చిరుగులోంచి చూశాను.
స్టోర్సు సూపరింటెండెంటు, ఏడ్చి ఏడ్చి ముక్కెర్రబడి,
పక్కనున్న కూతురి మణికట్టు పట్టుకున్నాడు.
"చూశావుగా" అన్నాడు.
ఆ పిల్ల తలూపింది.

శోభనాద్రిగారు నా వెనకే నిలబడి ఉన్నారు.
ఆయన చెవులు నావిలా కాదు.

హాలు ఖాళీ అయ్యాక చెంగమ్మ వచ్చింది చీపురుతో.
వేరుశనగ పొట్టు, నలిగిన టిక్కెట్లు,
సువర్చల జడలోంచి రాలిన కాగితప్పూలు
కుప్పగా ఊడుస్తూ, తలెత్తకుండానే,
"ఏం సామీ, ఆ యేరు దాటితే రైలు లేదా?
మేం గూడూర్లో ఎక్కినాం, టిక్కెట్టు లేకండా.
బేసిన్ బ్రిడ్జి కాడ దూకేసినాం.
ఆయన కులం వేరే, నా కులం వేరే.
కొట్టను వొచ్చినారు. ఇల్లు దొరకలా.
మూన్నెల్లు కాలవగట్టునే పడుకున్నాం.
ఇరవై రెండేండ్లాయ, చావలా.
పొద్దు లేస్తే కుళాయి కాడ తిట్టుకుంటాం.
దీన్ని యెవురూ నాటకం కట్టరా?"
అని, బల్ల మీది విషం సీసా చూసి
"ఇది నేను తీసుకోనా?" అంది.

ఆయన రాత్రంతా అక్కడే కూర్చున్నారో ఏమో
మర్నాడు అదే చొక్కాతో ఆఫీసుకొచ్చారు.

ఐదో అంకం మళ్లీ రాయడానికి ఎండాకాలం పట్టింది.
సెక్రటరీ పేజీలు తిరగేసి మరీ వెతికాడు చావుకోసం.
"కుళాయి దగ్గర పోట్లాట చూడ్డానికి
టిక్కెట్టెందుకు శోభనాద్రీ, మా వీధిలో ఊరికే వస్తుంది."
జలజాక్షి అడిగింది, చావకపోతే రేటు తగ్గిస్తారా అని.

ఒక్కసారే ఆడింది. నలభై మంది.
స్టోర్సు ఆయన కుర్చీ ఖాళీ, కూతురి కుర్చీ ఖాళీ.
దానికి అర్థమేమిటో నాకు తెలీదు.
కడవ మాట కొట్టేశారాయన, చప్పట్ల మాట,
ఎర్ర సిరాతో, కాగితం చిరిగేట్టు.
ఆ చోట ఇలా ఉంది:
ఇద్దరూ బిందె చెరోపక్క పట్టుకుని
ఇంటికి నడుస్తారు.
అంతే. తర్వాత తెల్ల కాగితం.

అందించడానికి నా దగ్గర ఏమీ లేదు.
మొదటిసారి తలెత్తి నాటకం చూశాను.
నీళ్లు తొణికి స్టేజీ చెక్కలమీద పడ్డ చప్పుడు
ఈ చెవులకి కూడా వినిపించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
వెనక తలుపు దగ్గర చీపురానుకుని చెంగమ్మ,
శోభనాద్రిగారు దగ్గరికెళ్లి నిలబడ్డారు
పరీక్ష రాసిన పిల్లాడిలా.
ఆమె కాసేపు ఆలోచించింది.
"ఆ పిల్లకి బిందె పట్టుకోను రాదు సామీ,
నడుం మీద పెట్టుకోమనండి."