అరచేతికి అవతలి వైపు

హాలిఫాక్స్‌లో రోడ్లన్నీ కొండెక్కుతాయి.
మా భాషలో దీపం కూడా కొండెక్కుతుంది,
ఆరిపోయిందని అనడానికి నోరు రాక.
ఈ మాట ఇక్కడెవరికీ చెప్పలేదు.
వ్యాను రెండో గేరులో మూలుగుతుంటే
నాలో నేనే అనుకుంటాను.

పాత రాగి తీగ తీసేసి
గాజు తీగ వెయ్యడం నా పని.
ఇవాళ ఏడో ఇల్లు, మిసెస్ పికర్స్‌గిల్,
నల్లబారిన రాతిగోడల వరసలో చిట్టచివరిది.
"బూట్లు విప్పక్కర్లేదు లవ్" అంది.
అప్పటికే విప్పేశాను.

మెట్ల కింద అరలో
ఒక ప్లగ్గు మీద ఇంకో ప్లగ్గు, దాని మీద మరోటి,
ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంలా.
హీటరు, కెటిల్, బట్టలారబెట్టే మిషను,
అన్నిటికీ గోడలో ఒకటే నోరు.
వాటి వెనక రౌటరు.
దానికి ఊలు స్వెట్టరు.

అవును, స్వెట్టరే. ఆవపూల రంగు, గుండీలతో సహా.
"రాత్రంతా ఆ లైట్లు మిణుకుమిణుకుమంటే నిద్ర పట్టదు,
పైగా ఇంట్లో చలి" అంది,
ఆ పెట్టె కూడా వణుకుతున్నట్టు.
స్వెట్టరు మీద పిల్లి, పేరు బార్నబీ.
ఇంట్లో వెచ్చటి చోటు ఎక్కడుందో
పిల్లికి చెప్పాలా ఎవరైనా!

నివురు గప్పిన నిప్పుకి సామెతలో చోటుంది.
ఊలు కప్పిన నిప్పుని
ఎవరూ పట్టించుకోలేదు.

పని నేర్పిన డెస్మండ్ అనేవాడు:
తెలియని దాన్ని అరచేత్తో పట్టకు,
కరెంటుంటే వేళ్ళు ముడుచుకుంటాయి, వదలవు.
చేతి వెనకవైపుతో తాకు,
పసివాడి మెడ మీద జ్వరం చూసినట్టు.
చివరి ముక్క డెస్మండ్‌ది కాదు, నాది.

తాకాను.
అడాప్టరు ఒళ్ళు కాలిపోతోంది.
సాకెట్టు చుట్టూ గోధుమరంగు మరక,
మాడిన అట్టు అంచులా.
స్వెట్టరు తిరగేస్తే
వెంట్రుక కాలిన వాసన, సన్నగా.

"మా రాన్ పాత జెర్సీ విప్పి అల్లాను" అంది.
ఆ మాట విన్నాక
ఇది ఇల్లు తగలబెడుతుందండీ అనడానికి
నాకొచ్చిన మూడు భాషలూ చాల్లేదు.

ప్లగ్గులు ఒక్కోటే పీకాను.
కాలిన సాకెట్టు మీద ఎర్ర టేపు అతికించి
ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ముట్టుకోవద్దన్నాను.
రౌటరుని ఇంకో గోడకి, ఎత్తులో,
ఒంటి మీద నూలుపోగు లేకుండా బిగించాను.
పొగ అలారం నొక్కితే పలకలేదు.
దాని బ్యాటరీ రేడియోలో ఉందట,
క్రికెట్ వినాలిగా.

"మరి బార్నబీ ఎక్కడ పడుకుంటాడు?"
ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదు.
వెళ్తుంటే స్వెట్టరు నా చేతిలో పెట్టింది,
మీ టీపాటుకి తొడుక్కో అని.

బ్రాడ్‌ఫర్డ్‌లో మేం ఐదుగురం ఉండే ఇల్లు.
తలుపు సగమే తెరుచుకుంది.
నడవలో, బయటికి పోవడానికున్న ఒకే ఒక్క దారిలో
ఫణీంద్ర సైకిలు.
దాని బ్యాటరీ, ఎవరిదో చవక చార్జరుకి తగిలించి,
ఎర్రగా ఒంటికన్ను తెరుచుకుని.

మధ్యాహ్నమంతా పిజ్జాలు మోసి
పైన పడుకున్నాడు. తొమ్మిదికి మళ్ళీ వెళ్ళాలి.
పీకేస్తే సగం ఆర్డర్లు.
సగం ఆర్డర్లంటే అద్దె మళ్ళీ నా దగ్గర అప్పు.
పీకకపోతే

పొద్దుట్నుంచి ఊళ్ళోవాళ్ళ ప్లగ్గులు పీకిన చెయ్యి
ఇక్కడ ఆగింది.

సైకిలు బయటికి నెట్టి
తలుపు బార్లా తీసి, చలిని లోపలికి రానిచ్చి
కింది మెట్టు మీద కూర్చున్నాను.
ఒళ్ళో ఆవపూల రంగు స్వెట్టరు.
కాసేపటికోసారి వంగి
చేతి వెనకవైపుతో తాకి చూస్తున్నాను.
వెచ్చగా ఉంది.
ఇంకా వెచ్చగానే ఉంది.
పైనుంచి గురక.

ఎదురింటి పిల్లి గుమ్మం దాకా వచ్చి
బ్యాటరీ వంక చూసింది.
పో, అన్నాను తెలుగులో.
అది కూర్చుంది.