ఒంటికన్ను డొల్లలు

నరసాపురం దాటి సముద్రం వైపు పోతే
సరుగుడు తోట వెనక ఇసక దిబ్బ,
దిబ్బకి ఆనించి కాగితం గుండ్రాలు.
వాటిని కాల్చుకునే క్లబ్బులో
మా నాన్న గవర్రాజు తుపాకుల మేస్త్రీ.
ఆదివారం అందరూ మార్కులు లెక్కపెట్టుకుంటే
ఆయన డొల్లలు లెక్కపెట్టేవాడు.
నలభై పేలితే నలభై దొరకాలి.
ఒక్కటి తగ్గినా రిజిస్టరు ముయ్యడు,
పొద్దుగూకినా జల్లెడ దించడు.

మా ఇంట్లో చింతపండు సగం పులుసుకి,
సగం డొల్లలకి.
"బిందెలైతే చుట్టాలు చూస్తారు, వీటినెవరు చూస్తారు"
అని గొణుగుతూనే తోమేది అమ్మ.
ఆరబోస్తే చేటనిండా కొత్త వడ్ల రంగు.

ఒక్కో తుపాకీకి ఒక్కో డబ్బా, కలపకూడదు.
"పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి
ఆ గొట్టం కొలత తీసుకుంటదే అమ్మాయ్,
దర్జీ తీసుకున్నట్టు.
మళ్లీ ఆ ఇంటికే పంపాలి దాన్ని."

నాది లేసు పని.
నాన్న చూపు మసకేశాక
అల్లిక సూది కొన వంచి
డొల్ల లోపలికి దించడం నా వంతైంది.
గోడ వెంబడి లాగితే
నున్నగా వచ్చిందా, ఇంకోసారి బతికినట్టు.
అడుగుకి కాస్త పైన
వెంట్రుకంత గాడి తగిలిందా,
ఈసారి చిట్లుతుంది.
కంటికి కనపడదది, సూదికి తెలుస్తుంది.
ఆరుసార్లు, ఏడుసార్లు, అంతే వాటి ఆయుష్షు.
ఒక్కటి మాత్రం పదకొండు దాకా లాక్కొచ్చింది.
దానికి పేరు పెట్టాను. చెప్పను.

కొత్త సెక్రటరీ ప్రసన్నవర్మ
అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.
ఉక్కు తొడుగులు, బూడిద రంగు, పైన వార్నీషు.
"సగం ధరండి.
కాల్చడం, వదిలెయ్యడం. మీకూ చాకిరీ తప్పుద్ది."
క్యాలెండరు వెనక లెక్క వేసి చూపించాడు.
లెక్కలో తప్పు లేదు.
నా సాయంత్రాలు అందులో లేవు.
అవి ఎప్పుడూ ఎవరి లెక్కలోనూ లేవు లెండి,
నాన్న లెక్కలో కూడా.

నాన్న పాత రేడియోలోంచి పీకిన అయస్కాంతం
పెట్టెకి ఆనించాడు. టక్కున పట్టేసింది.
ఒకటి కాల్చాక
టార్చి వేసి లోపలికి చూడమన్నాడు నన్ను.
"అడుగున రెండు కళ్లున్నాయి నాన్నా."
"అయితే తిరిగి రానిదే."
మన ఇత్తడిదానికి ఒంటికన్ను.
నిటారుగా సూది దించితే టోపీ ఊడొస్తుంది,
ఎండకెత్తితే ఆవగింజంత ఆకాశం.
రెండు కళ్లదానికి సూది ఎక్కడని పెడతాం?

ఆ వర్షాకాలం జల్లెడ మూలన పడింది.
ఉక్కు డొల్లలు ఉప్పుగాలికి వారానికే ఎర్రబడి
పీతల బొరియల్లోకి దిగాయి.
అయస్కాంతానికి తాడు కట్టి ఈడిస్తే
గుత్తులు గుత్తులుగా వచ్చేవి.
అబద్ధమెందుకు, సుఖంగానే ఉంది.
నడుం వంచక్కర్లేదు.
ఆ ఖాళీలో రెండు బల్లగుడ్డలు ఎక్కువ అల్లాను,
ఆ డబ్బు నా చేతికే వచ్చింది.
నాన్నే, ఏం చెయ్యాలో తోచక
ఉత్త చింతపండు పిసుకుతూ కూచునేవాడు.

చిట్లిన ఇత్తడంతా గోనెసంచిలో వేసి,
కాగితాలు రాయించుకుని, అజ్జరం తీసుకెళ్లాం.
పోతపోసే వీరభద్రాచారి ఒకటి తీసి వాసన చూశాడు.
"మనుషుల్ని కాల్చినవా?"
"కాగితాల్ని."
"మూసకి తేడా తెలీదు లెండి" అని కాటాలో పోశాడు.
వాటితో ఏం చేస్తారని నాన్న అడగలేదు. నేనడిగాను.
"ఈ వారం గేదెల గంటలు. వచ్చే వారం ఏది పడితే అది."

రిజిస్టరులో ఒకటి తక్కువొచ్చింది.
ఆదివారమంతా ఇసకలో అయస్కాంతం ఈడిపించాడు సెక్రటరీ.
తుప్పు ముక్కలొచ్చాయి, ఒక గుర్రపు నాడా వచ్చింది,
ఇత్తడి ఎలా వస్తుంది?
నా లేసు బుట్టలో, రెండు సూదులు నోట పెట్టుకుని
నిలబడి ఉందది.
ఒక్కటి తగ్గినా ముయ్యని మనిషి
బుట్ట వైపు చూడకుండానే
రిజిస్టరు మూసేశాడు.