నేరుగా పోతే

నాంపల్లిలో, జిరాక్స్ షాపుకీ ఇరానీ హోటలుకీ మధ్య
నా టికెట్ల దుకాణం వెడల్పు ఏడడుగులు.
మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని
జనాన్ని ఆకాశంలోకి పంపుతుంటాను.

పోయిన మంగళవారం, వాన వెలిసీ వెలవక ముందు
ఇద్దరొచ్చారు ఒకే గొడుగు కింద,
ఒకరికి కుడి భుజం, ఒకరికి ఎడమ భుజం తడిసి.
కడప ఓబులేసు. జోర్హాట్ బిపుల్ సైకియా.
తిరుగు టికెట్ వద్దన్నారు ఇద్దరూ.

మాదాపూర్లో ఒకే అద్దాల బిల్డింగుకి కాపలా,
ఒకరిది పగలు, ఒకరిది రాత్రి.
బోరబండలో ఒకే గది.
గదిలో ఒకే మంచం.
"ఆరేండ్లక్కా" అన్నాడు ఓబులేసు,
"వీడు లేచిన దుప్పటి సరింగా చల్లారకనే
నేను పండుకుంటాంటి."
గేటు దగ్గర రిజిస్టరు చేతులు మారేటప్పుడు
మాట్లాడుకునేది పన్నెండు నిమిషాలు.
ఇప్పుడు కొత్త ఏజెన్సీ వచ్చింది.
యూనిఫారాలు లెక్కపెట్టి తీసుకున్నారట,
విజిళ్ళతో సహా.

టికెట్లు ప్రింటవుతుంటే అడిగాడు ఓబులేసు:
"మా ఊరికీ వీళ్ళూరికీ ఎంత దూరముంటాదక్కా?"

కంప్యూటర్లో కొట్టాను. అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.
రెండు వేల వంద కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ.
విమానంలో రెండు గంటల నలభై ఐదు నిమిషాలు.

"గంతేనా!" బిపుల్ నవ్వాడు.
వాన రోజు బోరబండ నుంచి ఎల్బీనగర్ పోయినంత.
ఓబులేసు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు,
పొద్దున రాగిసంగటి తిని బయల్దేరితే
పగటాలకి వాళ్ళమ్మ వండిన పుల్లటి చేపల కూర.

చెప్పక తప్పలేదు.
ఆ విమానం లేదు.
ఎవరూ నడపని, ఎవరూ ఎక్కని విమానానికి
ప్రయాణ సమయం మాత్రం ఉంది.

ఉన్నదేమిటంటే,
కడపలో చిన్న విమానం, అదీ వచ్చే రోజున;
శంషాబాద్‌లో ఇనుప కుర్చీ మీద రాత్రి,
బ్యాగు పట్టీ మణికట్టుకి చుట్టుకుని;
తెల్లారి కోల్‌కతా, అక్కడ ఇంకో ఎదురుచూపు;
పొగమంచు దయతలిస్తే జోర్హాట్.

ఖాజా సాబ్ నాకు దుకాణం అప్పజెప్పినప్పుడు
గోడ మీది పటంతో పాటు సొరుగులో ఎర్ర దారం వచ్చింది.
ఆయన దూరాలన్నీ దాంతోనే కొలిచేవాడు.
తీసి ఇచ్చాను. చెరో కొస పట్టుకున్నారు.

దారం విశాఖ చెవి పక్కనుంచి పోయింది,
ఒడిశా ఒడ్డు ఒరుసుకుంటూ, కాసేపు నీళ్ళ మీద,
తర్వాత వేరే దేశం మీదుగా.
హైదరాబాదు దానికి నాలుగు వేళ్ళ ఎడంగా ఉండిపోయింది.

బిపుల్ ఆ నాలుగు వేళ్ళ సందు చాలాసేపు చూశాడు.
"నేరుగా పోతే మనం కలిసేటోళ్ళమే కాదు భాయ్."

ఓబులేసు ఏమీ అనలేదు. దారం చుట్ట చుట్టి,
చివర ముడివేసి మరీ ఇచ్చాడు.

డబ్బులు లెక్కపెడుతూ చూసుకున్నాను,
ఒకరి విమానం గురువారం పొద్దున ఏడుకి,
ఇంకొకరిది రాత్రి ఏడుకి.
పన్నెండు గంటలు. సరిగ్గా ఒక డ్యూటీ.
మార్చనా అన్నాను.
"వద్దులేక్కా, అలవాటే."

గొడుగు తెరిచారు.
మంచం ఎవరికిచ్చారో అడగడం మర్చిపోయాను.