పదహారు

మే నెల. కొండ రాళ్ళు పగలంతా తాగిన ఎండను
రాత్రిపూట బైరాగిపట్టెడ మీదికి వదుల్తున్నాయి.
మేడ మీది గదిలో యాత్రికులు, బళ్ళారి వాళ్ళు.
అప్పుడే గుండు గీయించుకొచ్చిన పిల్లాడు,
గంధం ఆరని తల.
ఒంటిగంటకు ఒకసారి, ఒంటిగంటన్నరకు ఒకసారి
మెట్ల కింద పెట్టెలో టక్.
ఏసీ నిలిచిపోయింది. పిల్లాడు అందుకున్నాడు.
నేను టార్చి పట్టుకుని దిగడం, మీట పైకెత్తడం,
మళ్ళీ మంచమెక్కేలోపే టక్.

పొద్దున్నే చెంగల్రాయులుకు ఫోను.
"ఆ పది ఆంపులది పీకి పారెయ్, ముప్పైరెండుది బిగించు.
ఇంక జన్మలో పడకూడదు."

ఆయన పెట్టె జోలికే పోలేదు.
స్విచ్చిబోర్డు విప్పి, గోడలోంచి బెత్తెడు వైరు లాగి
గోటితో గీకి నాకు చూపించినాడు.
"ఒకటిన్నరమ్మా ఇది.
మీ మామ ఇల్లు కట్టించినప్పుడు
ఒక ఫ్యానుకీ ఒక ట్యూబులైటుకీ ఏసింది.
బ్రేకరు ఉండేది ఏసీ కోసరం కాదు, దీని కోసరం.
ముప్పైరెండు పెడితే పడదు, నిజమే.
గోడ లోపల ఇది ఎర్రగా కాగతా ఉన్నా పడదు."

తర్వాత ఏసీ వచ్చిన అట్టపెట్టె మీద పెన్సిలు లెక్క.
పద్దెనిమిది వందల వాట్లు, రెండువందల ముప్పైతో భాగిస్తే
ఎనిమిదికి రవ్వంత తక్కువ.
తెల్లవార్లూ తిరిగేది కాబట్టి పావు కలిపితే పది.
"పదికి ఊపిరాడక పడతాండాది. దాని తప్పేం లే."
ఆ పైన దొరికేది పదహారు.
కంప్రెసరు లేచేటప్పుడు ఒక గుక్క ఎక్కువ లాగుతుంది,
దానికి సి టైపు.
మెట్ల కింద నుంచి మేడకు అరవై అడుగులు, ఎండాకాలం కరెంటుకు నీరసం,
అందుకని వైరు నాలుగు.
వేరే లైను. ఫ్రిజ్జుతో మిక్సీతో పొత్తు లేదు.

"పోనీ, ఇరవై?" అన్నాను, బేరమాడే నోరు కదా.
"పదహారమ్మా," అన్నాడు
పెన్సిలు చెవి మీద దోపుకుంటా.

ఈ ఇంట్లో ఓర్చుకునేవాళ్ళకే పేరు.
మా చిన్నత్త ఎప్పుడూ పడలేదు.
ఎందరొచ్చినా, ఏ వేళకొచ్చినా, ఎవరేమన్నా.
భూదేవి అనేవాళ్ళు, ఇంకో లోటా కాఫీ అడుగుతా.
ఆమె పోయినరోజు రుయా ఆసుపత్రిలో డాక్టరు అడిగినాడు,
ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికీ తెలియలేదా అని.
బయటి నుంచి చూస్తే సున్నం కొట్టిన గోడ.
ఏం తెలుస్తుంది.

నిన్న రాత్రి గదిలో ధర్మపురి వాళ్ళు దిగినారు.
రెండింటికి మెలకువొచ్చి, అలవాటు కొద్దీ టార్చి తీసుకుని
మెట్ల కిందికి పోయి పెట్టె మీద చెయ్యి ఆనించాను.
గోరువెచ్చన కూడా లేదు.
పైన ఏసీ సన్నగా గురక పెడతా ఉంది.

తెల్లారి వాళ్ళు కిందికొచ్చి ఆరు కాఫీలడిగినారు.
గదితో కాఫీ ఉండదు, సందు చివర హోటలుంది, అన్నాను.
మా ఆయన పేపరు దించి
నా వైపు చూసినాడు.